బడేబీ కుట్టిన గాలి

“ఉత్త గుడ్డనంట! లోపల ఏమి ఉండదంట! నువ్వే చెప్పు గోవిందూ, నీకు నాలుగు అక్షరాలొచ్చు గద. ఉత్త గుడ్డ ఎక్కడన్న గట్ల ఉబ్బుకోని నిలవడతదా?”

గోవిందుకు ఏ గుడ్డ సంగతో అర్థం కాలేదు. తన బొంతలో ఏమన్నా లోపం వచ్చిందేమోనని ముందుకు వంగి చూశాడు.

“ఏ గుడ్డ పెద్దమ్మా?”

“నీ బొంత కాదురా. ఓడ గుడ్డ. నువ్వు బొంబాయి పోతున్న అనంగనే అదే యాదికొచ్చింది. జర ఆ దారం ఉండ ఇటియ్యి.”

దారం ఉండ అందించి గోవిందు మళ్లీ గోడకు ఆనుకున్నాడు. నాగర్‌కర్నూలులో దూదేకుల బడేబీ వాకిట్లోకి బొంత కోసం వచ్చినవాళ్లు బొంత ఒక్కటే పట్టుకుపోయింది లేదు. ఏదో ఒక ముచ్చట కూడా చంకలో పెట్టుకునే పోతారు. గోవిందు అయితే ముచ్చట కోసమే ఒక పూట ముందుగా వచ్చి కూర్చున్నాడు. వానలు ముఖం చాటేసిన ఏడు అది. మేస్త్రీ వెంట బొంబాయి పనికి పోయే గుంపులో అతనూ కలిశాడు. బడి గడప తొక్కకుండానే దుకాణాల మీది బోర్డులు పక్కవాళ్లను అడిగి అడిగి చదువు పట్టుకున్నవాడు. తెలియంది అడగడానికి సిగ్గుపడడు. చెప్పేవాళ్లను తొందరపెట్టడు. ఊఁ కొట్టడంలో కూడా అతని దగ్గర రకరకాల ఊఁలుండేవి. బడేబీకి అందుకే అతనంటే ఇష్టం.

ఆమె ఒళ్లో పరచుకున్న బొంతకు పైపొర గోవిందు తల్లి కట్టి కట్టి మెత్తబడిన చీర. అడుగుపొర తండ్రి పంచె. కొత్త గుడ్డ తెస్తే బడేబీ ముట్టుకోదు. కప్పుకునేవాళ్ల ఇంటి గుడ్డే కావాలంటుంది. దుకాణం గుడ్డకు మనుషులు ఎరుకుండరని ఆమె మాట. ఇంకో ఆచారం కూడా ఉంది, అత్తగారి చేతినుంచి వచ్చింది. ఎంత పెద్ద బొంతయినా చివరి మూల కుట్టకుండా వదిలిపెడుతుంది. ఆ మూల కప్పుకునేవాళ్లే కుట్టుకోవాలి. గడీలో దొరసాని అయినా సరే, సూది పట్టాల్సిందే.

లోపలి అర్రలో ఆమె పెనిమిటి మదార్ దూది ఏకుతున్నాడు. విల్లు తుంయ్ తుంయ్‌మని మోగుతోంది. ఆ ఇంట్లో ఇద్దరి మాటలూ బడేబీయే మాట్లాడుతుందని ఊళ్లో అనుకుంటారు. విల్లు మోగుతూ ఉంటే మదార్ ఔనన్నట్టు, టక్కున ఆగితే కాదన్నట్టు. ఇన్నేళ్ల కాపురంలో ఆమె పెట్టుకున్న గుర్తు అది.

“ఓడ సంగతి చెప్పు మరి,” అన్నాడు గోవిందు.

విల్లు మోగుతూనే ఉంది. బడేబీ సూదికి దారం ఎక్కించుకుంది.

*

జర్మనీ లడాయి ఇంకా మొదలుకాని రోజులు. ఒకనాటి పొద్దున వడ్ల అనంతయ్య బిడ్డ జోగులమ్మ వచ్చి వాకిట్లో నిలబడింది.

“అక్కా, మా నాయిన నిన్ను రమ్మంటుండు. కుట్టు పని ఉందంట.”

“పరుపా, బొంతనా?”

“రెండూ కాదు. నువ్వే వచ్చి చూడు. నేను చెప్తే నవ్వుతవు.”

అనంతయ్య వయసులో ఉన్నప్పుడు కరువు కాలంలో ఊరు విడిచి బొంబాయి చేరిన మనిషి. పాలమూరు నుంచి పోయినవాళ్లంతా మట్టి మోస్తే, ఇతని చేతిలో ఉలి ఉంది కాబట్టి ఓడలు బాగుచేసే గోదీలో చోటు దొరికింది. అక్కడే వెంట్రుకలు నెరిశాయి. తిరిగి వచ్చేటప్పుడు అందరూ గుడ్డలో, గిన్నెలో తెచ్చుకుంటారు. అనంతయ్య ఒక ఓడను తెచ్చుకున్నాడు.

జడ్చర్ల టేసన్‌లో దాన్ని దించి బండి మీదికి ఎక్కించిననాడు దారి పొడుగునా జనమే జనమట. గోనె సంచుల్లోంచి బయటికి పొడుచుకొచ్చిన స్తంభాలు చూసి, ఏదో ఊరి దేవుడి రథమే పోతోందని ఒకచోట కొబ్బరికాయ కొట్టారు. ఇంకోచోట ఒక ముసలమ్మ పసుపు పూసింది. అనంతయ్య కాదనలేదు. కొబ్బరిచిప్ప తీసుకుని తింటూ వచ్చాడు.

ఈ కథలన్నీ బడేబీ విన్నవే. ఓడను మాత్రం ఎన్నడూ చూడలేదు. జోగులమ్మ వెంట పోయి గడప దాటగానే నిలబడిపోయింది.

పీట మీద, ఊయల తొట్టి అంత పొడుగున, నిగనిగలాడుతూ ఉంది. టేకు చెక్క. ఒక పక్క పలకలు వేయకుండా వదిలేస్తే లోపలి దూలాలు చేప ముళ్లలాగా కనిపిస్తున్నాయి. ముందు కొమ్ము దగ్గర కిరీటం పెట్టుకున్న బొమ్మ. రెండు వైపులా వరసలుగా చదరపు బొక్కలు. పైన మూడు స్తంభాలు, వాటికి అడ్డకొయ్యలు, కొయ్యలకు దారాలు. బడేబీ ఎరిగిన పడవ ఒక్కటే, కృష్ణ దాటించే పుట్టి. గంపలాగా గుండ్రంగా ఉంటుంది. దానికి ముందూ లేదు, వెనకా లేదు. దీనికేమో ముక్కూ ముఖమూ నడుమూ అన్నీ ఉన్నాయి.

“గిదేంది కాకా, ఇంటికి ఇన్ని కిటికీలు పెట్టినవ్?”

అనంతయ్య పకపకా నవ్వాడు. “ఇల్లు కాదు బిడ్డా, ఓడ. అవి కిటికీలు కావు. ఫిరంగులు మూతి బయట పెట్టే బొక్కలు. లడాయి ఓడ ఇది.”

“లడాయికి పోయేదానికి ఇంత సోకెందుకు? పెండ్లికూతురు లెక్క చెక్కినరు.”

“పెండ్లిచూపుల కోసమే చేసిండ్రు మరి. వెనుకట ఓడలు కట్టే పార్సీ పెద్దాయన, అసలు ఓడకు చెక్క కొయ్యకముందే, గిసొంటి నమూనా చేసి పంపేటోడంట. ఓడ కట్టమన్న దొరలు చూసి, మెచ్చి, ఊఁ అంటేనే పెద్దది కట్టుడు. పెద్దది ఎట్లుంటది అంటవా? పానగల్లు గుట్ట మీది కోట చూసినవా? ఆ కోట లేచి నీళ్లల్ల నడిచినట్టు.”

“నువ్వు చూసినవా ఆ పెద్ద ఓడను?”

“యాడ చూస్త? మా తాత పుట్టకముందే కట్టిన ఓడ అది. అది ముసలిదై, ఇరిగి, కట్టెలైపోయింది. ఈ నమూనా మాత్రం షెడ్డుల ఓ మూలకు దుమ్ము పట్టి ఉండె. షెడ్డు కూలగొట్టేనాడు మా మాలిక్ ‘అనంతా, నీకేం కావాలె’ అన్నడు. నేను దీన్ని చూపించిన. నవ్వి, ‘లేజా’, తీస్కపో అన్నడు.”

జోగులమ్మ నీళ్ల చెంబు తెచ్చి ఇస్తూ, “బంగారం అడిగితే ఇచ్చేటోడేమో, మా నాయిన కట్టె అడిగిండు,” అంది. ఆమె ఆ మాట అనని రోజు లేదు. కానీ ఓడ మీద దుమ్ము పడనివ్వనిది కూడా ఆమెనే.

కుట్టు పని ఏమిటో అప్పుడు చెప్పాడు అనంతయ్య. నమూనాకు తెరచాపలు లేవు. అసలు ఎప్పుడూ లేవు. కొయ్య పనితనం చూపించడానికి చేసిన దానికి గుడ్డ ఎందుకని కట్టినవాళ్లు వదిలేశారు. ఇన్నాళ్లూ అతనికీ ఆ లోటు తెలియలేదు. ఇప్పుడు తెలుస్తోంది.

“కుడి కన్ను ఎప్పుడో పోయింది. ఎడమ కంట్ల జర వెలుతురుంది. అది గూడ తలుపు దగ్గరికేసినట్టు ఇంత ఇంత మూసుకపోతుంది. అచ్చంపేట దవాఖానల చూపిస్తే, పొర ముదిరింది, ఇంక చెయ్యిపెట్టం అన్నరు. పోతే పోనియ్యి, చూసినకాడికి చూసిన. గని మూసుకునే లోపల దీన్ని ఒక్కపారి నడిచే ఓడ లెక్క చూడాల్నని ఉంది బిడ్డా. తెరలు ఎత్తి, గాలి నిండి. గంతే.”

ముందు ఈ పని దర్జీ రజాక్‌కు చెప్పారు. బజారులో మిషను పెట్టుకున్న మొదటి దర్జీ రజాక్. కొలతలు లేనిదే కత్తెర పట్టనని పట్టుబట్టి, అడ్డకొయ్యలు ఒక్కొక్కటీ టేపుతో కొలిచి, చదరంగా ముక్కలు కత్తిరించి, అంచులు మడిచి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి తెచ్చాడు. ఎక్కడా వంక పెట్టలేని కుట్టు. స్తంభాలకు కట్టి చూస్తే పలకల్లాగా బిర్రబిగుసుకుని నిలబడ్డాయి. గంజి పోయేట్టు ఉతికి కడితే వేలబడ్డాయి.

“ఆరేసిన లంగోటీల లెక్క ఉన్నయి నాయినా,” అంది జోగులమ్మ.

అనంతయ్య ఒక్కొక్కటీ విప్పి పక్కన పెట్టేశాడు. రజాక్ అలిగి వెళ్లిపోయాడు.

“గాలి లేని ఇంట్ల గుడ్డ ఉబ్బాలంటే నేనేం జిన్నునా?” అని బజారంతా చెప్పుకుంటున్నాడు.

ఆ ముసలి కన్ను తన వైపు చూస్తున్నప్పుడు బడేబీ మనసు ఆగలేదు. “చూస్తవు కాకా. నేను చూపిస్త,” అనేసింది. ఇంటికొచ్చి మదార్‌తో చెప్పింది. విల్లు టక్కున ఆగిపోయింది.

“అన్న మాట అన్న. ఇప్పుడు ఆగి ఏం లాభం? కొట్టు,” అంది బడేబీ.

*

తెరచాప ఎలా ఉంటుందో ఆమె ఎన్నడూ చూడలేదు. అనంతయ్య ట్రంకు పెట్టె మూతకు లోపలి వైపు అతికించిన రంగు బొమ్మ ఒకటుంది. ఓడల కంపెనీ వాళ్లు పంచిపెట్టిన కాగితం. దాన్ని వెలుతురుకు తిప్పించి, ముఖం దగ్గర పెట్టుకుని చూసింది. నీలం నీళ్లు, నీలం ఆకాశం, మధ్యలో ఓడ. ఓడ మీద తెల్లగా, నిండుగా, గుండ్రంగా ఉబ్బిన గుడ్డలు. ఒకదాని మీద ఒకటి. పెద్దవి కింద, చిన్నవి పైన.

బడేబీకి నవ్వొచ్చింది. ఇంత మాత్రానికేనా అందరూ పరేషాన్ అవుతున్నారు! రజాక్‌కు తెలియక ఉత్త గుడ్డ కట్టాడు. అంచులు బిగిసి, నడుమ ఉబ్బిన గుడ్డను ఆమె కళ్లు తెరిచిన నాటినుంచీ చూస్తోంది. గుడ్డను అలా ఉబ్బించేది లోకంలో ఒక్కటే ఉంది. ఎవరినీ అడగలేదు. అడగడానికి అనుమానమంటూ రావాలి కదా.

“గుడ్డ ఇంటిది కావాలె కాకా.”

జోగులమ్మ తన చీరలు తెచ్చి చూపించింది. ఒకటి ఎరుపు, ఒకటి పసుపు. అనంతయ్య తల అడ్డంగా ఊపి, తల మీది రుమాలు విప్పడం మొదలుపెట్టాడు. చుట్టు మీద చుట్టు. గోదీలో ఎండకూ వానకూ ఓర్చిన రుమాలు, ఉతికి ఉతికి పాలమీగడలాగా అయింది. బోడి తలతో తండ్రిని అంతవరకూ చూడని జోగులమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

“నవ్వకు. నా తలమీద ఉండేది ఓడ తలమీదికి పోతుంది. ఎక్కువనే అయింది, తక్కువ కాలే,” అన్నాడు అనంతయ్య.

మొదటి తెరలో బడేబీ పత్తి దూది పెట్టి, ఒక పుల్లకు కట్టి చూసింది. బరువుకు పుల్ల వంగింది. ఓడ స్తంభాలు పైకి పోతే చీపురు పుల్లలంత సన్నం. ఇది కుదరదు. తేలికైన దూది కావాలి, ఊదితే లేచిపోయేంత తేలిక. అంటే బూరుగు దూది. బూరుగు కాయలు పగిలే కాలం అదే. బడేబీ పుట్టిల్లు లింగాల, నల్లమల అంచు. ఆ వారమే సంతకు పోయే బండి ఎక్కింది.

“పండుగకు రావాలె, పురుటికి రావాలె. చెట్టు కింద దూది ఏరుకుంటందుకు పుట్టింటికొచ్చిన ఆడిబిడ్డను నిన్నే చూస్తున్న,” అంది అన్న భార్య షరీఫాబీ.

“మీ ఇంట్ల పెట్టిపోతలకు ఆశపడితే ఎండిపోదును గని, చెట్టు నయం. అడగకుంటనే రాలుస్తది.”

వదినా మరదళ్లు ఇద్దరూ అడవి అంచున బూరుగు చెట్టు కింద గంపలు పట్టుకుని పరుగులు పెట్టారు. గాలి వచ్చినప్పుడల్లా పగిలిన కాయల్లోంచి తెల్లటి పింజలు లేచి, నెత్తి మీద, కనురెప్పల మీద వాలేవి. పట్టుకోబోతే తప్పించుకునేవి. ఇద్దరికీ మనవలెత్తే వయసు. చిన్ననాటి ఆట తిరిగొచ్చినట్టు కేకలు పెట్టి నవ్వుకున్నారు.

ఇంటికి తెచ్చాక అసలు తంటా మొదలైంది. బూరుగు దూది వింటికి ఆగదు. మదార్ ఒక్కసారి వింటి నరం మీటాడో లేదో అర్రంతా మంచు కురిసినట్టయింది. తలుపు వేసి, కిటికీకి గోనె కట్టి, ఇద్దరూ కూర్చుని చేతులతోనే విప్పారు. బయటికి వచ్చేసరికి మదార్ గడ్డం, మీసం, కనుబొమలు అన్నీ తెల్లగా ఉన్నాయి. బడేబీని చూసి మదార్ నవ్వడం మొదలుపెట్టాడు. ఆగలేదు. గోడ పట్టుకుని నవ్వాడు. ఎన్నేళ్లయిందో ఆయన నవ్వు విని. ఆ నవ్వుకే ఈ ఓడకు రుణపడ్డాననుకుంది ఆమె.

ఒక్కో తెర దిండు లాంటి ఒక్కో మెత్త. కింది పెద్దవి అరచేయి అంత, పైపైకి పోతే తమలపాకంత, అన్నిటికన్నా పైది వేపాకు కన్నా కొంచెం పెద్దది. బొంతల దబ్బనం దీనికి పనికిరాదు. జోగులమ్మ దగ్గర పూసలు గుచ్చే సన్నని సూది తెచ్చుకుంది. ముందు పొర వదులుగా, వెనక పొర బిర్రుగా కత్తిరించి, మధ్యలో దూది నింపింది. ఒక్కవైపే ఉబ్బాలి, బొమ్మలో ఉన్నట్టు. చివరి తెర ఒక మూల మాత్రం కుట్టకుండా వదిలింది.

*

గంపలో పెట్టుకుని, పైన గుడ్డ కప్పుకుని అనంతయ్య ఇంటికి పోయిన పొద్దున, ఎవరు చెప్పారో ఏమో, రజాక్ కూడా మెడలో టేపుతోనే వచ్చి గడప మీద కూర్చున్నాడు.

“చూస్తం ఆపా, చూస్తం. మిషనుతోని కానిది సూదితోని ఎట్ల అయితదో.”

అనంతయ్య ఎండ పడే చోట, అరుగు మీద ఓడను పెట్టించుకుని ఎదురుచూస్తున్నాడు. కొత్త రుమాలు చుట్టుకుని ఉన్నాడు. జోగులమ్మ ఆత్రంగా గంప మీది గుడ్డ లాగింది. ఒక్క క్షణం చూసింది. తరువాత ఆమె నవ్వు వాకిలి దాటి వీధిలో పడింది.

“ఓ నాయినా! అక్క మెత్తలు కుట్టుకొచ్చింది!”

రజాక్ లేచి వచ్చి, ఒకటి తీసి నొక్కి చూశాడు. “యా అల్లా! దూది! ఆపా, తెరచాప అంటే ఉత్త గుడ్డ. అంత ఒక్కటే పొర. దాన్ల గాలి నిండుతది. నువ్వు ఓడకు పండుకునేటందుకు పరుపు ఏసినవా, దిండ్లు పెట్టినవా? జర లాలి గూడ పాడు!”

బడేబీ గంపలోకి చూసుకుంది. ఉత్త గుడ్డనా? గాలితోనా? అరుగు మీది ముసలాయన వైపు చూసింది. ఆయన తల ఇటూ అటూ తిప్పుతున్నాడు. ఎవరు ఎందుకు నవ్వుతున్నారో ఆ కంటికి పూర్తిగా అందడం లేదు.

“ఏమైంది? ఏం తెచ్చింది? నాకు చెప్పుండ్రి.”

జోగులమ్మ నవ్వు సగంలో ఆగిపోయింది. తండ్రి ఈ రోజు కోసం ఎంత ఎదురుచూశాడో ఆమెకు ఒక్కసారిగా గుర్తొచ్చినట్టుంది. గంప ఎత్తుకుని ఇంటికి పరుగెత్తుదామనుకుంది బడేబీ. కానీ ఆచారం ఒకటుంది. కుట్టు బాగున్నా బాగాలేకున్నా ఆఖరి మూల మిగిలి ఉంది. అది తన కుట్టు కాదు.

“కాకా, ఆఖరు కుట్టు నీది,” అంది. సూది ఆయన వేళ్ల మధ్య పెట్టి, చివరి తెర ఆయన అరచేతిలో ఉంచింది.

అనంతయ్య సూదిని పక్కకు పట్టుకున్నాడు. బొటనవేలితో తెరను నిమిరాడు. ఆగాడు. మళ్లీ నిమిరాడు, అంచు నుంచి నడుమకు, నడుమ నుంచి అంచుకు. కింద బిర్రు, పైన నిండు. రుమాలు తనదే. వేళ్లు దాన్ని గుర్తుపట్టాయి. కానీ రుమాలు ఎన్నడూ ఇలా లేదు. నొక్కితే లోపలికి పోయి, వదిలితే మళ్లీ లేచి వేలిని నెట్టింది.

“ఓహ్హో!” అన్నాడు.

ఆ గొంతు అక్కడున్నవాళ్లు ఎన్నడూ వినలేదు.

“ఇంకోటి తే. ఇంకోటి. అన్నీ తేండ్రి. కట్టుండ్రి! కింది పెద్దయి ముందు. ఏయ్ రజాకూ, నీ ఇస్త్రీ మొఖం ఆడపెట్టి ఇటు రా. ఈ తాడు పట్టు. గుంజు! జోగీ, పైది నువ్వు కట్టు. బిర్రుగ గుంజుండ్రి, గాలి మస్తుగుంది!”

గాలి ఆకు కదిలేంత కూడా లేదు. ఎండాకాలం పొద్దు. అయినా రజాక్ తాడు గుంజాడు. ఎందుకు గుంజుతున్నాడో తెలియకుండానే గుంజాడు. అనంతయ్య గోదీలో పిలిచే పిలుపులన్నీ పిలిచాడు, హిందీలో, మరాఠీలో, ఏ భాషో తెలియని కేకల్లో. వీధిలో పోయేవాళ్లు వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు. చివరి తెర మూల తనే కుట్టాడు. వడ్లవాడి చేయి కాబట్టి సూది మేకు కొట్టినట్టు దిగింది.

అన్నీ కట్టాక అందరూ వెనక్కి జరిగారు. ఎవరికీ నవ్వు రాలేదు. టేకు ఓడ మీద తెల్లని తెరలు నిండుగా, ఒకే దిక్కుకు ఉబ్బి ఉంటే, ఓడ అరుగు దిగి వీధిలోకి పోబోతున్నట్టుంది. కదలడం ఒక్కటే తక్కువ.

అనంతయ్య ఓడకు ముఖం దగ్గరగా పెట్టి ఆ మిగిలిన కంటి వెలుతురులో చూశాడు. తెలుపు కనిపించింది. గుండ్రం కనిపించింది. కనిపించనిచోట చేతులతో చూశాడు.

“బిడ్డా, నేను గోదీల అన్ని ఏండ్లు చేసిన. గోదీకొచ్చిన ఓడ నిలబడ్డ ఓడ. తెరలు చుట్టిపెట్టి ఉంటయి. నిలబడ్డ ఓడలే బాగుచేసిన, నడిచే ఓడను దగ్గరికెళ్లి ముట్టింది లేదు. ఇయ్యాల ముట్టిన.” తెర మీది చెయ్యి తీయకుండానే నవ్వాడు. “వాడు చెప్పింది నిజమే. ఉత్త గుడ్డనే అసలుకు. గని ఆ గాలి గడియ ఉంటది, గడియకు పోతది. నువ్వు కుట్టిన గాలి యాడికి పోతది?”

బడేబీ ఏడ్చింది, నవ్వింది, ఏది ముందో ఆమెకే గుర్తులేదు. రజాక్ టేపు మెడలోంచి తీసి జేబులో పెట్టుకున్నాడు.

*

“అనంతయ్య కాకకు ఇప్పుడు కండ్లు రెండు పోయినయి. అయినా దినాం పొద్దుగాల అరుగు మీద కూసోని ఓడ మీద చెయ్యేస్తడు,” అంది బడేబీ బొంత తిప్పుకుంటూ. “‘ఇయ్యాల గాలి బాగుంది’ అంటడు. బూరుగు దూది ఏడాదికి అణగుతది గద. ఎండకాలం రాంగనే మనిషిని పంపుతడు, ‘గాలి సప్పబడ్డది, బడేబీని రమ్మను’ అని. నేను పోయి ఇప్పి, కొత్త దూది నింపి, కుట్టి వస్త. ఆఖరు మూల ఆయనే కుడ్తడు. రజాక్‌గాడు తాడు గుంజనీకి వస్తడు, పిలవకున్నా.”

“మరి ఆ ఉత్త గుడ్డ కొట్లాట ఏంది, నీకూ అనంతయ్యకూ?” అన్నాడు గోవిందు.

“అదే కొట్లాట! మొన్న గూడ అంటడు, అసలు ఓడకు ఉత్త గుడ్డనే అని. నేను నమ్మ. నాతోని పరాచికమాడుతుండు. నా చీర ఆరేస్తే గాలికి ఎగురుతది, కొట్టుకుంటది, సుట్టుకుంటది, ఏనాడన్న పొట్టేసుకోని నిలవడ్డదా? ఆ రజాక్ చెప్పింది ఈయన పట్టుకున్నడు. ఇద్దరు మొగోళ్లు ఒక్కటైండ్రు.” గొంతు పెంచి లోపలికి అడిగింది. “ఏమంటవ్? దూది ఉంటదా ఉండదా?”

విల్లు టక్కున ఆగిపోయింది. కాసేపటికి, కొంచెం భయపడ్డట్టు, మళ్లీ తుంయ్‌మంది.

“చూసినవా, నమ్మలేక నమ్ముతుండు,” అని నవ్వి, బొంత గోవిందు ఒళ్లోకి తోసింది. “ఇగ, నీ మూల. కుట్టు.”

గోవిందు నాలుక బయటపెట్టి, వంకరటింకరగా నాలుగు పోట్లు వేశాడు. వేలికి ఒకసారి గుచ్చుకుంది. తల్లి చీర, తండ్రి పంచె ఒక మూలకు కలిశాయి.

“కోడి కెలికినట్టు కుట్టినవ్. పోనీ, చలికి కుట్టు తెల్వదు,” అంది బడేబీ. బొంత మడిచి, తాడుతో కట్టి, అతని భుజానికి ఎత్తింది. గోవిందు గడప దిగుతుంటే చెయ్యి పట్టి ఆపింది.

“ఇంటున్నవా. బొంబాయిల నీళ్ల ఒడ్డుకు పో. గుడ్డ కట్టిన ఓడలు ఇంక తిరుగుతున్నయంట, అనంతయ్య కాకనే చెప్పిండు. దగ్గరికి పో. ఎవడన్న తిడితే తిట్టనియ్యి. ఆ గుడ్డ మీద చెయ్యేసి, నొక్కి చూడు. కంటితోని చూసి రాకు, నొక్కి చూడు. దూది లేదనుకో, సప్పుడు చెయ్యకుంట వచ్చి నాకొక్కదానికే చెప్పు, ఆ ముసలోనికి తెలిస్తే ఇగ ఆగడు. దూది ఉన్నదనుకో, మీ ఇంటికి గూడ పోకు. బస్సు దిగి సక్కగ రజాక్ దుకాణం ముందర నిలవడి, బజారంత ఇనేటట్టు ఒర్రు.”